ఒంటిబూటోడి ఎడమకాలు

జీవితంలో నేను మొట్టమొదట అసూయపడింది ఒక కాలిని చూసి. అది కూడా ఎడమకాలు. ఆ కాలున్నవాడు నిజం మనిషి కాదు, తెర మీద నల్లటి గీతలతో వేసిన బొమ్మ. బొమ్మను చూసి కుళ్ళుకున్నవాణ్ని ఎవరూ తెలివిమంతుడనరు. పైగా ఆ కాలు ఎడమదా కుడిదా అన్న విషయం మీద కొన్ని ఎండాకాలాల పాటు మేనమామ ఇంట్లో అందరితో జగడమాడి, చివరికి లోకంలో అలాంటి బొమ్మలు రెండున్నాయనీ, మంచిదాన్ని తాండూరుకు పంపి నాసిదాన్ని మా వికారాబాదుకు తోలుతున్నారనీ తేల్చుకున్నవాణ్ని ఏమనాలో మీరే చెప్పండి. నేనైతే నా పేరు పెట్టి పిలుస్తాను.

పోయిన నెల మా వీరేశం బావ మనవణ్ని వెంటబెట్టుకుని వికారాబాదులో మా ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక పిల్లవాడు గోడకు ఆనుకుని ఫోనులో సినిమా చూస్తున్నాడు. ఎప్పటిదో పాత బొమ్మల సినిమానట, ఈ మధ్య దాన్నే నిజం మనుషులతో, నిజంలా కనిపించే జంతువులతో మళ్ళీ తీశారట. కాసేపు చూసి ఫోను బోర్లాపడేశాడు. "ఏమైందిరా?" అన్నాడు బావ. "బొమ్మలదే మస్తుండె తాతా. గీ పిల్లికి నవ్వుడే వస్తలేదు" అన్నాడు వాడు. బావ నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. ఇద్దరం ఒకేసారి గట్టిగా నవ్వాం. పిల్లవాడు మా ఇద్దరికీ ఏమైందో అర్థం కాక లోపలికి పోయాడు. వాడికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న వికారాబాదు స్టేషన్లో పార్సిలు గుమాస్తా. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మా అమ్మ నన్ను పాసింజరు బండి ఎక్కించి తాండూరుకు పంపేది. తాండూరు దగ్గరవుతోందని ముందు ముక్కుకు తెలిసేది. పప్పు మిల్లుల కంది పొట్టు వాసన, దానికింద నీళ్ళు చల్లిన నాపరాళ్ళ వాసన. మామకు స్టేషనుకు కాస్త అవతల బండల కార్ఖానా, దాన్ని ఆనుకునే ఇల్లు ఉండేవి. గనుల నుంచి వచ్చిన నాపరాళ్ళను అక్కడ కోసి, నున్నగా రుద్ది, ఒకదానిమీద ఒకటి పేర్చేవాళ్ళు. పొద్దంతా తెల్లటి దుమ్ము. ఇంట్లో అన్నం మీద, ఆరేసిన బట్టల మీద, గేదె వీపు మీద కూడా అదే దుమ్ము. మామ ఏ బండ కొనేముందైనా వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. లోపల పగులుంటే బండ బొంగురుగా పలుకుతుందట. ఆ అలవాటు ముదిరిపోయి ఇంటికొచ్చిన చుట్టాల వీపు మీద కూడా తట్టి పలకరించేవాడు. నన్ను తట్టినప్పుడల్లా, ఈయనకు నా లోపలి పగులు వినబడుతుందేమోనని భయం వేసేది. ఎందుకంటే లోపల నిజంగానే ఒకటుండేది. దాని పేరు వీరేశం.

వీరేశం అంటే మామ కొడుకు, నాకంటే కొంచెం పెద్ద. అందంలో నాకంటే గొప్పవాడేం కాదు, చదువులో నాకంటే వెనక. కానీ మా అమ్మమ్మను నవ్వించగలిగేవాడు. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్ళం. సేడం వైపు పిల్ల, కోపమొస్తే కన్నడంలో తిట్టేది, ప్రేమొచ్చినా కన్నడంలోనే తిట్టేది. తెల్లారకముందే ఆమె జొన్నరొట్టెలు చరిచే చప్పుడుకు ఇల్లంతా లేచేది. ఆ రొట్టెల్లో మొదటిది కాకికి, రెండోది గేదెకు, మూడోది వీరేశానికి. మాటలు తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. తాతయ్య పోయాక ఆమె నవ్వుల్ని కూడా సందూకులో పెట్టి తాళం వేసిందని అత్తమ్మ అనేది. ఆ తాళం తీసే విద్య ఇంట్లో వీరేశం ఒక్కడికే తెలుసు. ఆమె నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు మాత్రమే ఎగరేస్తూ, చప్పుడు లేకుండా నవ్వేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ భుజాలు నా వల్ల ఎగరాలని నేను మొక్కని దేవుడు లేడు.

వీరేశం విద్య ఎక్కడిదంటే, మామ కార్ఖానాకు ఆనుకుని ఉన్న మైదానంలో పంటలయ్యాక టూరింగ్ టాకీసు డేరా పడేది. స్థలంలో కొంత మామదే కాబట్టి డేరా వెనకవైపు గుడ్డ పైకి ఎత్తి కట్టేవాళ్ళు. మామ ఇంటివాళ్ళు, కార్ఖానా పనివాళ్ళు, వాళ్ళ పెండ్లాం పిల్లలు అందరూ పేర్చిన బండల మీద కూర్చుని తెర వెనక నుంచి చూసేవాళ్ళు. పగలంతా ఎండకు కాగిన బండలు, పొద్దుగూకాక కూడా కింద వెచ్చగా ఉండేవి. అసలు ఆట మొదలయ్యేలోపు జనం కుదురుకోవడానికి ఆపరేటరు ఖాజా చాచా ఒక బొమ్మల రీలు వేసేవాడు. ఎక్కడి దేశానిదో, ఎవరు తీశారో తెలియదు. అందులో మాటల్లేవు, వాయిద్యాలే. ఒక బక్కపలచటి టపా మనిషి. భుజానికి ఉత్తరాల సంచి. ఒక కాలికి బూటు, ఇంకో కాలు బోసి. టప్పు-చప్పు, టప్పు-చప్పు అని నడుస్తుంటే వెనక ఒక కుక్క తరుముతుంది. బండి చక్రం వాడి మీది నుంచి పోతే అప్పడంలా పలచబడతాడు. అట్లాగే గాలికి ఎగిరి, తలుపు సందులోంచి లోపలికి జారి, ఉత్తరం ఇచ్చి, వేలు నోట్లో పెట్టుకుని ఊదుకుంటే మళ్ళీ మనిషవుతాడు. ఊరంతా వాణ్ని ఒంటిబూటోడు అనేవాళ్ళు. ఏ సినిమా వచ్చినా, ముందు వాడు లేకపోతే జనం ఊరుకునేవాళ్ళు కాదు.

కార్ఖానా బురదలో తిరగడానికి మామ ఎప్పుడో రబ్బరు బూట్ల జత కొన్నాడు. కుడిది గనిలో నీళ్ళగుంట పాలైంది. మిగిలిన ఎడమది వీరేశం పాలైంది. దాన్ని తొడుక్కుని, గోనెసంచి భుజాన వేసుకుని, బండల వరస మీద వాడు టప్పు-చప్పుమని నడిస్తే పనివాళ్ళు రాయి కొట్టడం ఆపేవాళ్ళు. అవ్వ భుజాలు ఎగిరేవి. నేను మొదటిసారి చూసినప్పుడు అందరూ నవ్వుతున్నారు, నేను మాత్రం ధర్మరాజులా నిలబడి, "బూటు కుడికాలికి ఉండాలి" అన్నాను.

"ఎవడు చెప్పిండ్రా నీకు?" అన్నాడు వీరేశం.

"నేను చూసిన. మా వికారాబాదుకు కూడా వస్తది డేరా. బెంచీ మీద కూసోని చూసిన. కుడికాలే."

"మేమందరం ఈడ కూసోని చూసినం. ఎడమకాలే. ఇంతమంది గుడ్డోళ్ళారా?"

పనివాళ్ళలో పెద్దవాడు బాలప్ప బీడీ తీసి, "ఎడమనే దొరా. నేను రోజు చూస్త" అని తీర్పు చెప్పాడు. అవ్వ జాలిపడింది. "పోనీ తియ్యిండ్రా. వికారాబాదుల గట్లనే ఉంటదేమో. గుట్ట మీద ఊరు గదా" అంది. గుట్ట మీది ఊరికీ బూటుకూ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం వాళ్ళతో పాటు బండల మీద కూర్చుని కళ్ళు నులుముకుని చూశాను. ఎడమకాలే. మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది, తెరకు వెనక కూర్చుంటే అద్దంలోలాగా కుడి ఎడమవుతుంది. అక్కడ చదువుకున్నవాడు ఉంటే పేర్లు పడేటప్పుడు అక్షరాలు తిరగబడటం చూసేవాడు. కానీ ఆ పేర్లు ఎలాగూ ఇంగ్లీషులో ఉండేవి, తిరగబడితే ఏమి, నిలబడితే ఏమి! చదువుకున్నవాణ్ని నేనే ఉన్నాను. కానీ అసూయ ఉన్నచోట చదువు బెంచీ కింద దాక్కుంటుంది. తాండూరు ఒంటిబూటోడు వేరు, మా ఒంటిబూటోడు వేరు అనుకున్నాను. తాండూరుదే బాగుందని కూడా అనిపించింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. వాళ్ళకు మంచి బండలు, మంచి కందిపప్పు, మంచి బూటోడు. మాకేమో గుట్ట మీది చల్లగాలి, క్షయరోగుల దవాఖానా.

నేను హైస్కూలుకు వచ్చిన ఏడు వికారాబాదు స్టేషను గోడ మీద ఒక పోస్టరు పడింది. బొంబాయివాళ్ళు ఆ ఒంటిబూటోడి కథనే రంగుల్లో, నిజం మనిషితో, హిందీలో తీశారు. పోస్టరు మీద బూటు కుడికాలికి ఉంది. నా జన్మలో అంతకంటే అందమైన కాలు చూడలేదు. సాక్ష్యం దొరికింది! మొదటి ఆటకే పోయాను. హాల్లో నా చుట్టూ జనం ఆవులిస్తున్నారు. ఒకాయన చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నాకూ లోపల ఏదో వెలితిగానే ఉంది. కానీ నేను ఆ వెలితిని తొక్కిపట్టి, ఆ నటుడి నడకనే చూస్తూ కూర్చున్నాను. మర్నాడు మళ్ళీ పోయాను. ఇంట్లో గోడ పట్టుకుని నేర్చుకున్నాను. సెలవులివ్వగానే పాసింజరెక్కాను. ఈసారి అవ్వ భుజాలు నావి.

తాండూరులో ఒక ఇబ్బంది ఎదురైంది. ఉన్నది ఎడమ బూటు. నాకు కావలసింది కుడికాలు. సత్యం కోసం కష్టపడక తప్పదు గదా, ఎడమ బూటులోనే కుడికాలు దూర్చాను. వేళ్ళన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పనివాళ్ళు చుట్టూ చేరారు. అవ్వ గడపలో తంబాకు నలుపుతూ కూర్చుంది. సినిమాలో నటుడు ఎట్లా నడిచాడో అచ్చం అట్లాగే, చెయ్యి ఊపుతూ, మెడ వంచి నడిచాను. ఒక్కరు నవ్వలేదు. బండల వరస చివరికి చేరేసరికి అవ్వ తంబాకు పడేసి లేచి వచ్చింది. "అయ్యో, ఏమైంది కొడుకా? ముల్లు గుచ్చుకున్నదా? ఏదీ చూడనియ్!" నన్ను కూర్చోబెట్టి బూటు లాగి, పాదం తన ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాసింది. వీరేశం వెనక నుంచి, "నొప్పి పుట్టే నడక మస్తు చేస్తున్నవ్ బామ్మర్దీ" అన్నాడు. ఆమె ఒడిలో నా కాలు ఉంది, మనసులో మాత్రం వాడి గొంతు మీద ఉంది.

వారం తిరక్కముందే ఆ సినిమా తాండూరుకూ వచ్చింది. అప్పటికి టూరింగ్ డేరా పోయి, సిమెంటు హాలు లేచింది. ఖాజా చాచా అందులోనే ఆపరేటరుగా కుదిరాడు. మామ కార్ఖానాకు సెలవిచ్చి అందరినీ మాట్నీకి తీసుకుపోయాడు. హాలు ముందు అవ్వ చెప్పులు చేతిలో పట్టుకుని, "రాండ్రి, ఎనకకు పోదాం" అంటూ హాలు చుట్టూ తిరిగింది. వెనక గోడ, గోడ అవతల ముళ్ళచెట్లు. "గిదేం టాకీసురా, వీపు లేదు!" అంటూ తిరిగొచ్చింది. జీవితంలో మొదటిసారి మా వాళ్ళంతా తెరకు ముందువైపు కూర్చున్నారు. నేను కావాలనే వీరేశం పక్క సీటు పట్టాను, వాడి ముఖం చూద్దామని.

ఆట మొదలైంది. నిజం మనిషి, నిజం సంచి, నిజం కుక్క. ఆ కుక్క అతన్ని తరుముతూ తరుముతూ పక్కకు చూస్తోంది, అటు ఎవరో రొట్టెముక్క పట్టుకుని నిలబడ్డట్టు. మనిషి జారి పడ్డాడు. "అయ్యయ్యో, నడుమిరిగె" అంది అవ్వ. బండి వచ్చింది. బొమ్మలో అయితే అందరం అప్పడం కోసం చూసేవాళ్ళం. ఇక్కడ అందరూ ఊపిరి బిగబట్టారు. తరువాతి ముక్కలో అతను తలకు తెల్లకట్టుతో మంచం మీద పడుకుని హిందీలో ఏదో చెప్తున్నాడు. "ఎవల్ల కొడుకో పాపం. ఇంట్ల పెండ్లాం పిల్లలున్నరో ఏమో" అంటూ అవ్వ కళ్ళొత్తుకుంది. బాలప్ప అయితే, "దవాఖానకు ఎవరు తోల్కపోయిన్రు? చూపియ్యలేదేంది?" అని నన్నడిగాడు. 

అప్పుడు వీరేశం లేచాడు. వాడు అప్పటిదాకా కాలినే చూస్తున్నాడు. లుంగీ ఎగదోపి, రెండు చేతులూ పైకెత్తి, పైన ఆపరేటరు గది వైపు తిరిగి అరిచాడు. "చాచా! వీడు మనోడు గాదు! బూటు ఎడమకాలికుండాలె! రీలు ఉల్టా వేసినవ్!"

అంతే. వెనక నుంచి చూసి పెరిగిన వాళ్ళంతా ఒక్కసారి లేచారు. "అవ్ రా, ఎడమకాలు!" "డూప్లికేటు సినిమా!" "రీలు తిప్పు!" బెంచీల వైపు, డేరాలో టికెట్టు కొని ముందు కూర్చున్న కోమట్ల సేట్లు, "కుడికాలేనయ్యా, మేము చిన్నప్పటి నుంచి చూస్తున్నం" అన్నారు. "మీరేం చూసిన్రు, పైస ఉన్నదని ఏదన్న అంటరా?" అని ఇటువాళ్ళు. ఇంతకుముందు ఒకరితో ఒకరికి పనిబడని రెండు తాండూర్లు ఒక బూటు కోసం కొట్టుకునేదాకా వచ్చాయి. ఆట ఆగింది. ఖాజా చాచా కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అరే మియా, జర చుప్ ఉండున్రి! రీలు సీదానే ఉన్నది. మీరే జిందగీ అంత పర్దా ఎనకాల కూసోని ఉల్టా చూసిన్రు!"

ఆ ఒక్క మాటతో నా తలలో దీపం వెలిగింది. నా చదువు బెంచీ కిందినుంచి దుమ్ము దులుపుకుంటూ లేచింది. వీరేశం వైపు తిరిగాను, ఇప్పుడన్నా ఒప్పుకుంటాడని. వాడు నా వైపు చూడనే లేదు. "గదంత మాకెర్కలేదు చాచా! మా దిక్కు ఎట్లుండెనో గట్ల వెయ్యి!" అన్నాడు. జనమంతా "గట్ల వెయ్యి! గట్ల వెయ్యి!" చాచా చెయ్యి విదిల్చి లోపలికి పోయాడు. రీలు తిరగేసి ఎక్కించాడు. అట్లా ఎక్కిస్తే మాట పలకదు, అందుకని సౌండు కట్టేశాడు. తెర మీద మూగగా, ఎడమకాలికి బూటుతో, ఆ మనిషి మళ్ళీ నడిచాడు. హాలంతా ఈలలు, చప్పట్లు. "గిప్పుడొచ్చిండు మనోడు!" వీరేశం కుర్చీ మీదికెక్కి టప్పు-చప్పు, టప్పు-చప్పు అని తనే చప్పుడు పెట్టాడు.

కానీ ఆ చప్పుడు ఎక్కువసేపు నిలవలేదు. కాలు మారింది, మనిషి మారలేదు. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ అవ్వ "అయ్యో" అంది. ఈలలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. వీరేశం టప్పుల మధ్య దూరం పెరిగింది, చప్పులు ఆగిపోయాయి, చివరికి మెల్లగా కుర్చీలోకి జారి కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాడు. సగంలోనే జనం లేచిపోయారు. బయట ఎండలో బాలప్ప ఉమ్మేసి, "గా బొంబాయోని కంటే మన వీరేశమే నయం" అన్నాడు. అందరూ అవునన్నారు. బొంబాయినుంచి అంత ఖర్చుపెట్టి సినిమా తాండూరుకు వచ్చింది మా బావకు సర్టిఫికెట్టు ఇవ్వడానికా అని నా కడుపు మండిపోయింది. పోస్టరు మీది ఆ అందమైన కుడికాలు నాకు అప్పుడు ఒట్టి బూటకంగా కనిపించింది.

ఆ సినిమా ఎందుకు బాగాలేదని ఆ తరువాత చాలాసార్లు ఆలోచించాను. గీతకు బరువుండదు, ఎముకలుండవు, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఉండరు. అందుకే దాని మీది నుంచి బండి పోయినా మనం హాయిగా నవ్వుతాం. ఆ గీతలో రక్తమాంసాలు నింపితే అవ్వలాంటివాళ్ళు ముందు వాడి నడుము గురించి అడుగుతారు. ఇప్పుడు కుక్క పక్కచూపులు చూడదట, కంప్యూటర్లో వెంట్రుక వెంట్రుకా గీస్తారట. బావ మనవడి ఫోనులో ఆ పిల్లి నిజం పిల్లికంటే నిజంగా ఉంది. అదే వచ్చిన చిక్కు. నిజం పిల్లులు నవ్వవు. అప్పట్లో మేము తిరగబడ్డ బొమ్మను చూసి కూడా తృప్తిగా ఇంటికి పోయాం. ఇప్పుడు పిల్లలు ఒంటరిగా గోడకానుకుని, సరైన వైపు నుంచే చూసి, బోర్లాపడేస్తున్నారు. తప్పు చూడటానికైనా పక్కన పదిమంది ఉండాలేమో. ఈమధ్య తాండూరు పోయినప్పుడు ఆ మైదానం చూశాను. అక్కడ గ్రానైటు దుకాణం ఉంది. బండలు ఏసీలో చల్లగా ఉన్నాయి.

ఆ రోజు సాయంత్రానికి వద్దాం.  అత్తమ్మ అందరికీ, మాతో వచ్చిన బాలప్పకూ చాయ్ పోసింది. అవ్వ గడపలో కూర్చుని ఇంకా ఆ బొంబాయి మనిషి నడుము గురించే బాధపడుతోంది. "పోనీ నువ్వన్న ఒకసారి నడువురా వీరేశం, పానం నిమ్మళమైతది" అన్నాడు మామ. వీరేశం ఆనందంగా బూటు తొడిగి బండల మీదికెక్కాడు. టప్పు-చప్పు. అదే నడక, అదే కాలు. వరస చివర ఎప్పటిలాగే ధబీమని పడ్డాడు. అవ్వ నవ్వలేదు. లేచి నిలబడింది. "దిగు కొడుకా, దిగు. కాలు బెణుకుతది. ఇగ గీ ఆటలొద్దు." సినిమాలో అతను పడటం చూశాక ఆమెకు వీరేశంలో కూడా ఎముకలు కనబడటం మొదలుపెట్టాయి. వాడు బూటు విప్పి చేత్తో పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు. వాడట్లా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

మంచివాడైతే పోయి వాడి భుజం మీద చెయ్యి వేసేవాడు. నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టి లేచాను. బూటు తీసుకోలేదు, సంచి తీసుకోలేదు. నిక్కరు మీద లేని లుంగీ ఎగదోపి, రెండు చేతులూ పైకెత్తి, ఇంటి చూరు వైపు తిరిగి, వీరేశం గొంతుతో అరిచాను. "చాచా! వీడు మనోడు గాదు! రీలు ఉల్టా వేసినవ్!" తరువాత కడవ పక్కనున్న పీట ఎక్కి టప్పు-చప్పు అని చప్పుడు పెట్టాను. దాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తూ, కళ్ళు తేలేస్తూ, వాడిలాగే పీట మీద నుంచి జారుతూ కిందికి దిగి, గోళ్ళు కొరుక్కున్నాను.

మామ చాయ్ పొలమారి దగ్గాడు. బాలప్ప "అచ్చం గట్లనే!" అన్నాడు. అవ్వ కొంగు నోటికి పోయింది. భుజాలు ఒకసారి ఎగిరాయి, ఇంకోసారి ఎగిరాయి, ఇక ఆగలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. "సాకో మగనే, సాకు" అంటూ చాలు చాలని కన్నడంలో తిట్టింది.

"నేను గట్ల ఒర్రలే" అన్నాడు వీరేశం, బూటు పట్టుకుని, చెవులు ఎర్రబడి.

"గట్లనే ఒర్రినవ్" అంది అవ్వ, ఊపిరి తిప్పుకుంటూ.

నేను, ఎవరూ అడక్కుండానే, మళ్ళీ మొదటినుంచి చేసి చూపించాను.